ఓవెన్‌లో రిబ్స్: ఉడకడం వేరు, మెత్తబడటం వేరు

"అక్కా, వీడియోలో 275 మీద పెట్టమంటున్నారు. మన ఓటీజీలో 250 దాకానే ఉంది. ఫుల్లులో పెట్టేస్తే సరిపోతుందా?"

విశాఖ మధురవాడలో మా ఎదురింటి అమ్మాయి ఓ ఆదివారం పొద్దున్న గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్న ఇది. పొయ్యి మీద పాలు దించుకుని నేను వెళ్లేసరికే ట్రే లోపల పెట్టేసింది. గంట తర్వాత తీస్తే పైన పూసిన సాస్ బొగ్గైపోయింది, ఎముకల చివర్లు నల్లబడ్డాయి. కత్తితో కోసి చూస్తే లోపల పచ్చిదనం ఎక్కడా లేదు, ఉడికింది. కానీ నోట్లో పెట్టుకుంటే తోలు నమిలినట్టుంది. రెండు కిలోల పోర్క్ రిబ్స్, అంటే పంది పక్కటెముకలు, అందునా కోల్డ్ స్టోరేజ్‌లో ముందే చెప్పి తెప్పించుకున్నవి. ఆ పిల్ల మొహం చూస్తే నాకు బాధేసింది.

ముందుగా ఆ 275 సంగతి. అది ఫారెన్‌హీట్. అమెరికా వంటలన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి, మన ఓవెన్ల మీద ఉండేది సెల్సియస్. 275 లోంచి 32 తీసేస్తే 243. దాన్ని 5తో గుణించి 9తో భాగిస్తే 135. అంటే 135 డిగ్రీల్లో మెల్లగా మగ్గాల్సిన మాంసం 250 డిగ్రీల్లో కాలింది. వీడియోల్లో తరచూ వినిపించే 225 మన లెక్కలో 107, 300 అంటే దాదాపు 149.

ఈ చిక్కు లెక్కతో విడిపోయింది. రెండో చిక్కు అంత సులువుగా విడిపోదు. మాంసం ఉడికాక కూడా ఎందుకు గట్టిగా ఉంది? దీనికి జవాబు తెలిస్తే ఫాయిల్ చుట్టాలా, కుక్కర్‌లో ముందే ఉడికించాలా, ఎన్ని గంటలు పెట్టాలి అనే మిగతా వాదనలన్నీ ఎక్కడ పుడుతున్నాయో తెలుస్తుంది.

## బార్బెక్యూ అంటే మనం అనుకునేది, అమెరికా వాళ్లు అనుకునేది

మన దగ్గర బార్బెక్యూ అనగానే టేబుల్ మధ్యలో నిప్పులు, వాటి మీద చువ్వలకు గుచ్చిన కబాబులు గుర్తొస్తాయి. అమెరికా దక్షిణాది వాళ్ల లెక్కలో అది గ్రిల్లింగ్. నిప్పుకి దగ్గరగా, ఎక్కువ వేడిలో, కొద్ది నిమిషాల్లో అయిపోయే పని. వాళ్లు బార్బెక్యూ అనేది నిప్పుకి దూరంగా, తక్కువ వేడిలో, కట్టెల పొగలో గంటల తరబడి మగ్గించడం. ఈ మాట కరీబియన్ దీవుల్లోని టైనో జాతి వాళ్ల భాష నుంచి స్పానిష్ ద్వారా వచ్చింది. మాంసాన్ని నిప్పు మీద ఎత్తుగా పెట్టే కట్టెల మంచెకి వాళ్లు పెట్టుకున్న పేరు అది.

ఓవెన్‌లో పొగ ఉండదు కాబట్టి దాన్ని బార్బెక్యూ అనకూడదని పట్టుబట్టేవాళ్లున్నారు. రుచి విషయంలో వాళ్ల మాటలో న్యాయం ఉంది. మెత్తదనం విషయంలో మాత్రం పొగకి పాత్ర లేదు. అది వేడి, సమయం కలిసి చేసే పని. ఆ రెండూ ఓవెన్‌లో బొగ్గుల కుంపటి కన్నా బాగా మన చేతిలో ఉంటాయి.

ఇంకో మాట. మన ఇళ్లలో చాలామంది మైక్రోవేవ్‌నే ఓవెన్ అంటారు. ఉత్త మైక్రోవేవ్ మాంసంలోని నీటిని నేరుగా వేడెక్కిస్తుంది, ఈ పనికి అది పనికిరాదు. ఓటీజీలో రాడ్లు ఎర్రబడి చుట్టూ గాలిని వేడి చేస్తాయి. కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్ కూడా ఆ మోడ్‌లో ఓటీజీలాగే పనిచేస్తుంది. ఫ్యాన్ తిరుగుతుంటే వేడి త్వరగా తగులుతుంది కాబట్టి ఓ 15, 20 డిగ్రీలు తగ్గించుకోవడం వాడుక.

## కొట్లో అడిగితే ఏం దొరుకుతుంది

పందికి వెన్నెముకను ఆనుకుని ఉండే పొట్టి, వంపు తిరిగిన ఎముకల్ని బేబీ బ్యాక్ రిబ్స్ అంటారు. పేరులో బేబీ ఉంది కాబట్టి పంది పిల్లవి అనుకునేవాళ్లున్నారు, అది పొరపాటు. పొడవు తక్కువని ఆ పేరు, అంతే. పొట్ట వైపుకి వచ్చే పొడుగు, వెడల్పు ఎముకలు స్పేర్ రిబ్స్. వీటిలో కొవ్వూ పీచూ ఎక్కువ, అందుకే సమయమూ ఎక్కువ పడుతుంది. రుచి కూడా వీటికే ఎక్కువని నా అభిప్రాయం.

పోర్క్ తినని ఇళ్లలో ఇదే పద్ధతి వేటమాంసంతో చేస్తున్నారు. మేకకి 13 జతల పక్కటెముకలుంటాయి. చిక్కంతా మన కొట్లలో వాటిని చూడగానే కత్తి ఎత్తేయడంతో వస్తుంది. పూర్ణా మార్కెట్ వైపు ఓ కొట్లో నేను "ముక్కలు కొట్టకండి, పట్టీలాగే ఇచ్చేయండి" అంటే ఆయన కత్తి గాల్లోనే ఆపి, "ఏటమ్మా, కొట్టొద్దా? అలాగే పట్టుకెళ్లిపోతారా? కుక్కర్లో ఎలా పడుతుంది?" అన్నాడు. పులుసుకి కాదు, ఓవెన్‌కి అని చెప్పాక వెన్ను వైపు మాత్రం గాట్లు పెట్టి, చక్కగా పట్టీ చుట్టి ఇచ్చాడు. తర్వాత ప్లేట్లో విడదీయడానికి ఆ గాట్లే పనికొచ్చాయి.

ఎముకల వెనక వైపు పలచగా, తెల్లగా, కాగితంలాంటి పొర ఒకటి ఉంటుంది. మాంసం ఎంత మెత్తబడినా అది పంటికి అడ్డం పడుతూనే ఉంటుంది, మసాలానీ లోపలికి పోనివ్వదు. స్పూన్ కాడతో ఓ మూల లేపి, పొడి గుడ్డతో పట్టుకుని లాగితే ఒకే ఊపున వచ్చేస్తుంది. ఎముకలు విడిపోకుండా పట్టుకునేది అదేనని ఉంచేసేవాళ్లూ ఉన్నారు. మేకది పలచన కాబట్టి ఉంచినా పెద్ద ఇబ్బంది ఉండదు.

## 63 డిగ్రీల దగ్గర ఉడుకుతుంది, 90 దాటాక మెత్తబడుతుంది

మాంసంలో రెండు రకాల పదార్థాలు రెండు దారుల్లో నడుస్తాయి. ఒకటి కండ నారలు. 50 డిగ్రీల నుంచి ఇవి బిగుసుకోవడం మొదలై, 65, 70 దాటేసరికి గట్టిగా ముడుచుకుని లోపలి నీటిని పిండేస్తాయి. రెండోది ఆ నారల్ని కట్టలుగా కట్టి ఎముకకి అంటిపెట్టే కొల్లాజెన్. మూడు పోగుల తాడులా పేనుకుని ఉంటుంది. 60 దాటాక ఇది కూడా ముందు ముడుచుకుంటుంది. 70 దాటాక మెల్లమెల్లగా పురి విడిపోయి జెలటిన్‌గా కరుగుతుంది. వేడి పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది కానీ, దానికి సమయం మాత్రం ఇవ్వాల్సిందే.

మన పాయా గుర్తు తెచ్చుకోండి. కాళ్లలో కండ దాదాపు ఉండదు, ఉన్నదంతా కొల్లాజెన్. గంటల తరబడి సన్నసెగ మీద ఉంచితే పులుసు చిక్కబడి పెదాలకి అతుక్కుంటుంది. ఆ జిగురే జెలటిన్. రిబ్స్‌లో కండా, ఆ జిగురూ పక్కపక్కనే ఉంటాయి. కండ నారలు నీరు పోగొట్టుకున్నా, కరిగిన జెలటిన్, కొవ్వు వాటి మధ్య చేరి జారుడు ఇస్తాయి. అందుకే 70 డిగ్రీల దగ్గర తోలులా ఉన్న అదే ముక్క 93 దగ్గర వేళ్లతో విడిపోతుంది. ఇంకా వేడి చేస్తే ఇంకా గట్టిపడుతుందేమోనన్న భయంతో చాలామంది సరిగ్గా ఆ అధ్వాన్నపు మజిలీలోనే ట్రే బయటికి తీసేస్తారు.

ఎదురింటి ట్రేలో జరిగిందీ ఇదే. 250 డిగ్రీల గాలిలో పైభాగం చకచకా మాడింది. లోపలి మాంసం ఉడికే వేడికి చేరింది కానీ, కొల్లాజెన్‌కి కరిగే వ్యవధి దొరకలేదు.

తినడానికి సురక్షితమా అన్నది వేరే ప్రశ్న. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో ఖీమా కొట్టని పోర్క్ ముక్కలకి 63 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాల విరామం చాలని చెప్పింది. అంతకుముందు వాళ్ల లెక్క 71. ఈ అంకెలు భద్రతకి చెప్పినవి. మెత్తదనానికి చూసుకోవాల్సింది 90 నుంచి 95. థర్మామీటర్ గుచ్చేటప్పుడు మొన ఎముకకి తగిలితే తప్పు అంకె చూపిస్తుంది. థర్మామీటర్ లేనివాళ్లు పట్టకారుతో పట్టీని ఓ కొస పట్టి ఎత్తుతారు. అది వంగి, పైన చిన్న పగుళ్లు ఇస్తే అయినట్టు. ఎముక కొసల దగ్గర మాంసం వెనక్కి జరిగి తెల్లగా ఎముక బయటపడటం మరో గుర్తు.

## గంటసేపు వేడి కదలదు, ఓవెన్ పాడైందేమోనని టెన్షన్

థర్మామీటర్ పెట్టి చూసేవాళ్లకి ఎదురయ్యే చిక్కు ఇది. 65 దాకా చకచకా ఎక్కిన అంకె అక్కడో, 70 దగ్గరో ఆగిపోతుంది. ఒక్కోసారి గంటకి పైగా. బార్బెక్యూ చేసేవాళ్లు దీన్ని స్టాల్ అంటారు. కొవ్వు కరుగుతోందనీ, కొల్లాజెన్ కరగడానికి వేడి ఖర్చవుతోందనీ చాలాకాలం చెప్పుకున్నారు. గ్రెగ్ బ్లాండర్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త నీటిలో తడిపిన స్పాంజిని, కొవ్వు ముద్దని పక్కపక్కనే వేడిలో పెట్టి చూశాడు. తడి స్పాంజి వేడి ఆగింది, కొవ్వు ముద్ద వేడి ఆగకుండా ఎక్కుతూ పోయింది. అంటే కారణం నీరు ఆవిరవడం. చెమట ఆరుతుంటే ఒళ్లు చల్లబడినట్టే మాంసం కూడా చల్లబడుతుంది.

లెక్క వేస్తే దీని బలం తెలుస్తుంది. కిలో మాంసాన్ని 10 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 35 కిలోజౌళ్లు కావాలి. దానిలోంచి 100 గ్రాముల నీరు ఆవిరవడానికి సుమారు 230 కిలోజౌళ్లు కావాలి. ఒక చిన్న టీ గ్లాసుడు నీరు ఆవిరైపోతే, అదే కిలో మాంసాన్ని 65 డిగ్రీలు పైకి ఎక్కించగల వేడి దానితో వెళ్లిపోయిందన్నమాట. ఓవెన్ ఇస్తున్న వేడీ, ఆవిరి పట్టుకుపోతున్న వేడీ సమానమైనంతసేపు అంకె కదలదు.

ఇక్కడ విశాఖ వాళ్లకి సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. మన దగ్గర గాలి తడిగా ఉంటుంది, బట్టలే ఆరవు, మరి ఓవెన్‌లో మాంసం మాత్రం ఎలా ఆరుతుంది? బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిని ఓవెన్‌లో 120కి వేడి చేశామనుకుందాం. నీటి ఆవిరి అంతే ఉంటుంది, గాలి మోయగల ఆవిరి మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తేమ 2 శాతం లోపుకి పడిపోతుంది. బీచ్ రోడ్డులో ఉన్నా, అరకు కొండ మీద ఉన్నా ఓవెన్ లోపల పొడిగాలే. ఓటీజీ అడుగున ఓ గిన్నెడు నీళ్లు పెట్టడం సముద్రపు గాలి కన్నా చాలా ఎక్కువ తేడా చూపిస్తుంది.

## ఫాయిల్ చేసే పని బొంగు ఎప్పట్నుంచో చేస్తోంది

ఆవిరిని పోనివ్వకపోతే స్టాల్ ఉండదు. ఫాయిల్ చుట్టడం వెనక ఉన్న ఆలోచన ఇంతే. అమెరికా వాళ్లు దీన్ని టెక్సాస్ క్రచ్ అంటారు, ఊతకర్ర అని వెక్కిరింపు అందులో ఉంది. అరకు వెళ్లే దారిలో బొంగులో చికెన్ తిన్నవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద పెడతారు. నూనె చుక్క వెయ్యరు, నీళ్లు పొయ్యరు. మాంసంలో నీరు, బొంగులో తడి బయటికి పోలేక లోపలే తిరుగుతూ ముక్కని మగ్గిస్తాయి. ఫాయిల్ చుట్టిన రిబ్స్ లోపల జరిగేది ఇదే.

అయితే దీనికో ఖర్చుంది. పొడి వేడిలో పైన నల్లెరుపుగా, కాస్త కరకరగా ఏర్పడే పొరని బార్క్ అంటారు. 140 డిగ్రీల పైచిలుకు వేడి తగిలితేనే ఆ ఎర్రదనం చురుగ్గా పడుతుంది. తడి ఉన్నంతసేపు పైభాగం 100 దాటదు కాబట్టి, మూసిన ఫాయిల్ లోపల బార్క్ నానిపోతుంది. అందుకే బొంగులో చికెన్ రంగు తందూరీలా ఉండదు. చుట్టొద్దనేవాళ్లు కాపాడుకునేది ఈ పొరని. చుట్టాలనేవాళ్లు కాపాడుకునేది తడిని, సమయాన్ని. ముందు కాసేపు విప్పి, మధ్యలో చుట్టి, చివర్లో మళ్లీ విప్పేవాళ్లు రెండింటిలోనూ కొంత దక్కించుకుంటారు.

## మూడు దారులు, మూడు రకాల లాభనష్టాలు

మెల్లగా చేయాలనేవాళ్లు 110 నుంచి 120 మధ్య పెట్టి, నాలుగైదు గంటలు ఆగుతారు. పొరపాటుకి అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే మెత్తబడటానికీ మితిమీరడానికీ మధ్య వ్యవధి ఎక్కువ. కానీ చాలా ఓటీజీల్లో రాడ్లు ఆగుతూ వెలుగుతూ ఉండటంతో వేడి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, మాంసానికి అవి దగ్గరగా కూడా ఉంటాయి. 2000 వాట్ల ఓటీజీలో రాడ్లు సగం సమయం వెలిగాయనుకుంటే నాలుగు గంటలకి 4 యూనిట్లు.

మధ్యేమార్గం 135 నుంచి 150. ఫాయిల్‌తో చుట్టిన బేబీ బ్యాక్ రిబ్స్ సుమారు రెండు, రెండున్నర గంటల్లో, స్పేర్ రిబ్స్ మూడు గంటలకి అటూ ఇటూగా మెత్తబడతాయి. మేక పక్కటెముకల మీద మాంసం పలచన, అందుకే త్వరగా చూసుకుంటూ ఉండాలి. వయసు మీరిన మేకదైతే కొల్లాజెన్ ముదిరి ఎక్కువ సమయం తీసుకుంటుంది. నాకు నచ్చింది ఈ దారే. మధ్యలో కరెంటు పోయినా చుట్టిన మాంసం వేడి పట్టుకుని ఉంటుంది, తలుపు తెరవకుండా ఆగితే చాలు.

మూడోది కుక్కర్. మన కుక్కర్ లోపల ఒత్తిడి వల్ల నీరు 120 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది, అరగంటలో కొల్లాజెన్ కరిగిపోతుంది. ఆ తర్వాత సాస్ పూసి ఓవెన్‌లో పది, పదిహేను నిమిషాలు. రుచంతా నీళ్లలోకి పోతుందని దీన్ని తప్పుపడతారు, అందులో నిజముంది. ఆ నీటిని చిక్కగా మరిగించి సాస్‌లో కలిపేస్తే పోయింది కొంత వెనక్కి వస్తుందన్నది కుక్కర్ వాళ్ల జవాబు. అదీ నిజమే. పట్టీ పొడుగ్గా ఉంటే కుక్కర్ కోసం విరవాల్సి వస్తుంది.

నెట్‌లో మంత్రంలా తిరిగే 3-2-1 పద్ధతి గురించి కూడా చెప్పాలి. 107 డిగ్రీల పొగలో మూడు గంటలు, చుట్టి రెండు, విప్పి సాస్‌తో ఒకటి. ఇది పెద్ద స్పేర్ రిబ్స్‌కి పుట్టిన లెక్క. దీన్నే బేబీ బ్యాక్‌కో, మేక పక్కటెముకలకో పెడితే ముద్దయిపోతుంది.

పచ్చి బొప్పాయి కూడా ఈ చర్చలోకి వస్తుంటుంది. అందులోని పపాయిన్ మాంసకృత్తుల్ని నిజంగానే తెగ్గొడుతుంది, కానీ దాని పని పైపైనే. ఎక్కువసేపు ఉంచితే పైభాగం పిండిలా అయిపోతుంది, ఎముకని పట్టుకున్న కొల్లాజెన్ అలాగే ఉంటుంది.

## ఎముక దానంతట అది ఊడిరావాలా?

మన ఇళ్లలో వేటమాంసం బాగా ఉడికిందనడానికి కొలత అదే. పెద్దవాళ్లు పళ్లెంలో ఎముక లాగి చూసి మెచ్చుకుంటారు. అమెరికాలో పోటీలు నడిపే కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ జడ్జీల దగ్గర మాత్రం ఊడిపోతే మార్కులు పోతాయి. కొరికిన చోట పంటి గుర్తు శుభ్రంగా పడాలి, మిగతా మాంసం ఎముకనే పట్టుకుని ఉండాలి. అలాగని అమెరికా రెస్టారెంట్లలో ఊడిపడే రిబ్స్‌కి గిరాకీ తగ్గలేదు. ఇది కొల్లాజెన్ ఎంతవరకు కరగాలన్న ఇష్టం. ఓ అరగంట తేడాతో ఒకే పట్టీ ఇద్దరినీ మెప్పించగలదు.

## పొగ, బెల్లం, చివరి పావుగంట

కట్టెల మీద కాల్చిన మాంసంలో అంచు వెంబడి కనిపించే గులాబీ గీత పొగలోని వాయువులు మాంసం రంగుతో కలిసి ఏర్పడేది. దానికి రుచి లేదు, ఓవెన్‌లో అది రాకపోయినా పోయేదేమీ లేదు. పొగ వాసన మాత్రం లోటే. కొందరు లిక్విడ్ స్మోక్ వాడతారు, అది నిజమైన పొగని చల్లబరిచి పట్టిన ద్రవం. మన బిర్యానీలకి చేసినట్టు చిన్న గిన్నెలో నిప్పు కణిక పెట్టి, నెయ్యి చుక్క వేసి మూత పెట్టినా వాసన పడుతుంది, అమెరికా వాళ్లు పొగకి వాడే హికరీ కట్టె వాసన కాకపోయినా.

సాస్‌లో బ్రౌన్ షుగర్ అడుగుతారు. అంటే పంచదారకి మొలాసిస్ కలిపింది. చెరకు రసంలోని ఆ నల్లటి భాగం తియ్యకుండా ఉంచేదే బెల్లం, అదీ పక్కనే అనకాపల్లిలో దొరుకుతుంది. టమాటా, వెనిగర్, ఆవపొడి, ఎండుమిర్చితో బెల్లం కలిస్తే అమెరికా వాళ్ల తియ్యటి, చిక్కటి కాన్సాస్ సిటీ సాస్‌కి చాలా దగ్గరగా వస్తుంది. కానీ బెల్లం పంచదార కన్నా త్వరగా రంగు మారుతుంది, మాడుతుంది. అందుకే సాస్ చివరి పావుగంట, ఇరవై నిమిషాల్లోనే పూస్తారు.

## పంది మాంసం భయం ఎంతవరకు నిజం

సరిగ్గా ఉడకని పోర్క్ తింటే పేగుల్లో బద్దెపురుగు చేరే ప్రమాదం నిజంగా ఉంది. మెదడులోకి పురుగు పోయి మూర్ఛ రావడం అనే భయంకరమైన జబ్బు మాత్రం నేరుగా మాంసం వల్ల రాదు. కడుపులో బద్దెపురుగు ఉన్న మనిషి మలంతో బయటపడిన గుడ్లు నీటి ద్వారా, కడగని కూరగాయల ద్వారా, అశుభ్రమైన చేతుల ద్వారా నోట్లోకి చేరితే వస్తుంది. అందుకే పోర్క్ ముట్టని వాళ్లకీ వస్తుంది. 90 దాటిన రిబ్స్‌లో పురుగు బతికే అవకాశం లేదు. ఎముక పక్కన గులాబీ రంగు కనిపిస్తే అది మూలుగ రంగు కావచ్చు, పచ్చిదని అర్థం కాదు.

మన వాతావరణంలో అసలు జాగ్రత్త వండాక మొదలవుతుంది. వండిన మాంసం బయట రెండు గంటలు మించకూడదన్నది లెక్క, 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటే. విశాఖ వేసవిలో ఆ గంటే మనకున్నది.

మూడు వారాల తర్వాత ఎదురింటి అమ్మాయి మళ్లీ పెట్టింది. 140 మీద, ఫాయిల్ చుట్టి, రెండున్నర గంటలు. సాయంత్రానికి పట్టీలో ఒక్క ఎముక మిగల్లేదు. మర్నాడు పొద్దున్న ఫ్రిజ్‌లోంచి గిన్నె పట్టుకొచ్చి చూపించింది. ఫాయిల్ అడుగున చేరిన రసం, పైన తెల్లటి కొవ్వు తెట్టు, దాని కింద తేనె రంగులో గడ్డకట్టి ఊగుతోంది. స్పూన్‌తో తడితే అలలా కదిలింది. "పాయాలా ఉందక్కా" అంది. కొవ్వు తీసేసి దాన్నే కరిగించి, ఓ పచ్చిమిర్చి చీల్చి వేసి, వేడన్నంలో కలుపుకున్నాం.